వద్దన్న టీ

ఆ తెల్లవారుజామున స్టీరింగు ముందు ఉరుకుందు కన్ను మూతపడిందా, లేదా?

దీనికి జవాబు ఇప్పటికీ ఎవరి దగ్గరా లేదు. పోలీసులు టైరు పేలిందని రాసుకుని కేసు మూసేశారు. టైరు పేలిన మాట అబద్ధం కాదు. చీలికలైన రబ్బరు ముక్కలు ఎమ్మిగనూరు రోడ్డు పక్క కంపచెట్లలో చాలా కాలం పడి ఉన్నాయి. అయితే టైరు పేలినందుకు బండి రోడ్డు దిగిందా, బండి రోడ్డు దిగి కల్వర్టు రాయి ఎక్కాక టైరు పేలిందా? బండి నడిపినవాడికే తెలియాలి. ఆ నడిపినవాడికి తెలియదు. ముందున్న రోడ్డు జ్ఞాపకముంది. ఆ తర్వాత ఆడవాళ్ల అరుపులు జ్ఞాపకమున్నాయి. నడుమ రెప్ప వేసినంత ఖాళీ. ఆ ఖాళీలోనే హులిగమ్మ పోయింది.

ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుంటే పుట్టాడని అతనికి ఆ పేరు పెట్టారు. చదువు అబ్బలేదు, బండి మాత్రం చెప్పినట్టు వినేది. ఆదోని చుట్టుపక్కల పత్తి పగిలే కాలంలో కూలీలను చేలకు చేరేసే ట్రాలీ బండి నడిపేవాడు. చీకటి ఉండగానే పల్లెకు పోయి హారన్ కొడితే, ఆడవాళ్లు కొంగులు తలకు చుట్టుకుని, రొట్టెల మూటలు చంకన పెట్టుకుని వచ్చి వెనక ఎక్కేవాళ్లు. గుంపుకు మేస్త్రి హులిగమ్మ. మేస్త్రి చోటు ముందర, డ్రైవరు పక్కన. అది గొప్ప కోసం ఇచ్చే చోటు కాదు. పల్లె నుంచి చేను దాకా డ్రైవరును నిద్రపోనీయకుండా చూసుకోవడం మేస్త్రి పని. ఎవరూ కాగితం మీద రాయకపోయినా, ఆ ప్రాంతపు కూలి బండ్లన్నిటిలో అదే పద్ధతి.

హులిగమ్మ ఒళ్లో ఫ్లాస్కు పెట్టుకుని కూర్చునేది. ఆమె పుట్టిల్లు హొళగుంద వైపు. ఇంట్లో కన్నడం, బయట తెలుగు, కోపమొస్తే రెండూ. సీటు వెనక అద్దం లేని చిన్న కిటికీ ఉండేది. మొదటి గ్లాసు డ్రైవరుకు. ఆ తర్వాత ఆ కిటికీలోంచి గ్లాసులు వెనక్కి పోయేవి. అందరికీ అయ్యాక ఫ్లాస్కు అడుగున మిగిలింది మేస్త్రికి.

"చా తగో తమ్మా," అనేది. టీ తీసుకో తమ్ముడూ అని.

ఆ పొద్దు కూడా అన్నది. ముందు రాత్రంతా ఉరుకుందు మార్కెట్టుకు పత్తి తోలి, ఇంటికి పోకుండానే కూలీల కోసం వచ్చాడు. కడుపులో పులుపు తిరుగుతూ ఉంది. "వద్దులే అక్కా, చేను కాడ తాగుతా," అన్నాడు. ఆమె ఏదో అని నవ్వింది. ఏమన్నదో గుర్తు లేదు. కాసేపటికి ఆ ఖాళీ.

ఈ వద్దన్న సంగతి అతడు పోలీసులకు చెప్పలేదు. పెళ్లాం రూపకు చెప్పలేదు. హులిగమ్మ మొగుడు సిద్దప్పకు అసలే చెప్పలేదు. ఆసుపత్రిలో తలకు కట్టుతో పడి ఉన్నప్పుడు సిద్దప్ప వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాడు ఉరుకుందు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. సిద్దప్ప మంచం పట్టె పట్టుకుని కాసేపు నిలబడి, "నువ్వన్నా మిగిలినావులేప్పా," అని పోయాడు. ఆ మాట ఉరుకుందు ఒంట్లో ఎక్కడో ముల్లులా విరిగింది.

అతడు మళ్లీ స్టీరింగు ముట్టలేదు. ఎమ్మిగనూరులో రూప ఇంటి ముందరి గదిలో కుట్టుమిషను పెట్టుకుంది. అతడు ఆదోనిలో పత్తి గింజ తీసే ఒక జిన్నింగు మిల్లులో రాత్రి కాపలాకు చేరాడు. నిద్ర పట్టనివాడికి ఇంతకంటే తగిన పని ఏముంటుంది? ఆనాటి నుంచి ఎవరు టీ ఇచ్చినా కాదనలేదు. గుమాస్తా సగం తాగి మిగిల్చింది, లారీ డ్రైవరు పోయించింది, బస్టాండు పక్క దుకాణంలో డికాక్షను చిక్కబడి చేదెక్కింది, అన్నీ తాగాడు. టీ తాగుతావా అంటే వద్దు అనే మాటను అతని నాలుక మరిచిపోయింది.

ఒంటి సంగతి వేరేగా ఉంది. పత్తిని బేళ్లుగా బిగించే యంత్రం దబ్బుమంటే గుండె గొంతులోకి వచ్చేది. చలికాలంలో చొక్కా తడిసేది. కాస్త కునుకు పడితే రోడ్డు లేచి మొహం మీదికి వచ్చేది. ఒకనాటి సాయంత్రం బేలుకు కట్టే ఇనుపపట్టీ తెగి రేకుల మీద పడింది. ఆ చప్పుడుకు ఉరుకుందు పక్కనున్న నాగప్ప అనే హమాలీ మీద దూకి, అతన్ని నేలకు అదిమి పట్టి, "తలలు దించుకోండే, తలలు!" అని కేకలు పెట్టాడు. నాగప్ప భుజం బెణికింది.

"నేను పెండ్లామనుకున్నావేమప్పా, అట్ల కావలిచ్చుకున్నావు?" అని నాగప్ప నవ్వులాటగా తీసేశాడు. మిల్లు గుమాస్తా జయతీర్థ మాత్రం నవ్వలేదు. "ఉరుకుందూ, నువ్వు డాక్టరుకు చూపించుకో. ఇంకోసారి ఇట్లయితే సేటు ముందర నేను నీ వైపు మాట్లాడలేను," అన్నాడు.

రూప ఆ మాట పట్టుకుని, శ్రావణమాసంలో ఒక పొద్దు మొగుణ్ణి ఆదోనిలో మనసు జబ్బులు చూసే డాక్టరు శ్రీరక్ష దగ్గరికి లాక్కుపోయింది. డాక్టరు మంత్రాలయం వైపు పంతుళ్ల ఇంటి పిల్ల. మెల్లగా మాట్లాడుతుంది.

"నిద్ర ఎట్లా ఉంది?" అని అడిగింది.

"యాడిది మేడం నిద్దర? ఆయప్ప పండుకుంటే గదా," అని రూప అందుకుంది.

"టీ ఎన్ని తాగుతారు?"

ఉరుకుందు నేల చూశాడు. "లెక్క ల్యాదు మేడం."

"రక్తం తీసి సూడండి మేడం," అంది రూప. "ఎర్రగుండదు. టీ రంగుంటాది."

డాక్టరు నవ్వి, ఆ నవ్వు పోయాక కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ప్రమాదం అయిపోయిందన్న కబురు మీ ఒంటికి ఇంకా అందలేదు. అది ఇంకా ఆ బండిలోనే కూర్చుని, ఇప్పుడో ఇంకాసేపటికో ఏదో అవుతుందని కాచుకుని ఉంది. అందుకే చప్పుడైతే ఉలికిపడతారు. టీలో కెఫీన్ అని ఒకటి ఉంటుంది. అదీ ఇదే పని చేస్తుంది. గుండె దడ పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది. మీ ఒళ్లు చాలదన్నట్టు అది కూడా కాపలా కాస్తా ఉంది. టీ తగ్గించాలి. ఒక్కసారిగా మానితే తల పగిలిపోతుంది. మెల్లగా, రోజులో ఆఖరి టీ నుంచి తీసేస్తూ రండి."

రాత్రి పడుకునే ముందు మెగ్నీషియం మాత్ర, అప్పటికప్పుడు చేయించిన రక్తపరీక్షలో తక్కువ వచ్చినందుకు విటమిన్ డి, ఇంకా చేపనూనె గోళీలు రాసింది. చేపనూనె అనగానే ఉరుకుందు రెండు చెంపలు వేసుకున్నాడు.

"శ్రావణం మేడం. ఈరన్న స్వామి మాసం. నీసు ముట్టను."

"అయితే మాసం అయ్యాక మొదలుపెట్టండి. అంతవరకు అవిసె గింజల పొడి తినండి. అందులోనూ అలాంటి నూనే ఉంటుంది, కాస్త తక్కువ పనిచేస్తుంది."

"అగిసె కారమా?" అంది రూప. "జొన్నరొట్టెలోకి మాకు దినామూ అదే గద మేడం. దానికి ఆదోని దాకా యాల వస్తిమి?"

డాక్టరు ఈసారి గట్టిగానే నవ్వింది. "మాత్రలతోనే నయమవుతుందని నేను చెప్పను. కొందరికి కొంచెం సాయం చేస్తాయి, అంతే. అసలు పని మీరు వారం వారం వచ్చి నాతో మాట్లాడటం. ఆ రోజు జరిగింది మీ నోటితో చెప్పడం."

ఉరుకుందు తలూపాడు. మాత్రలు మింగడానికి తలూపాడు. మాట్లాడటానికి కాదు.

శ్రావణం పోయింది. మాత్రలు తప్పకుండా వేసుకున్నాడు. చేపనూనె గోళీ మింగి తేన్పు వచ్చినప్పుడల్లా రూప ముక్కు మూసుకుని, "తుంగభద్ర మొత్తం నీ కడుపులోనే ఉందేమయ్యా," అనేది. టీ కూడా తగ్గిస్తున్నట్టే కనిపించాడు. తలనొప్పి మొదలైంది. కణతల దగ్గర సుత్తి పెట్టి కొడుతున్నట్టు ఉండేది. మిల్లు ముందర కిరాణం కొట్టులో తలనొప్పి మాత్రలు కొనుక్కుని వేసుకునేవాడు. వేసుకోగానే నొప్పి పోయేది, ఒళ్లు చురుగ్గా లేచేది. నిద్ర మాత్రం రాలేదు.

మళ్లీ డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఆ మాత్రల అట్ట జేబులోంచి తీసి చూపించాడు. డాక్టరు దాన్ని తిప్పి చూసి, కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఉరుకుందూ, ఇందులోనూ కెఫీన్ ఉంది. టీ మాని ఇది మింగితే మానినట్టు కాదు."

"అయ్యో!" అని రూప నెత్తి కొట్టుకుంది. "వాకిలి మూస్తే కిటికీలోంచి దూరినట్లాయె!"

"నాకు తెల్దు మేడం," అన్నాడు ఉరుకుందు. ఆ మాట నిజమే. తెలిసినప్పుడు మనసులో ఒక మూల హమ్మయ్య అనుకున్నదీ నిజమే. అది గమనించిందో ఏమో, డాక్టరు రూపను బయట కూర్చోమంది.

"టీ మానితే ఏమవుతుందని భయం మీకు?"

"నిద్దరొస్తాది మేడం."

"నిద్ర రావాలనే కదా మనం ఇదంతా చేసేది?"

"వస్తే?" అన్నాడు.

ఫ్యాను తిరుగుతూ ఉంది. బయట రూప ఎవరితోనో జాకెట్టు కొలతల గురించి మాట్లాడుతూ ఉంది. "నిద్రపోవడం తప్పని మీకెవరు చెప్పారు?" అని డాక్టరు అడిగింది చివరికి. ఉరుకుందు లేచి నిలబడి, "పనికి పొద్దాయె మేడం," అన్నాడు. మధ్యాహ్నం కూడా కాలేదు.

అయినా ఆ తర్వాత తలనొప్పి మాత్రలు మానేశాడు. రూప చేత్తో కొలిచి ఇచ్చిన టీ తప్ప బయట ముట్టలేదు. పొద్దున ఒకటి. దాన్నీ సగం చేసింది. కొన్నాళ్లు కొరివిలా కాలిపోయాడు. ఊరకే అరిచేవాడు, ఆ తర్వాత సిగ్గుపడి గిన్నెలు తోమేవాడు. తర్వాత ఒక మధ్యాహ్నం అన్నం తిని గోడకు ఒరిగినవాడు ఒరిగినట్టే నిద్రపోయాడు. కుట్టుమిషను టకటకలాడుతున్నా లేవలేదు. రోడ్డు లేచి మొహం మీదికి రాలేదు. అరుపులు లేవు. కండ్లు తెరిచేసరికి నీడలు వాకిలి దాటాయి. ఒళ్లు దూదిలా తేలిగ్గా ఉంది. నోట్లో నీళ్లూరాయి. ఆకలేసింది. చిన్నప్పుడు జ్వరం తగ్గిన పొద్దు వేసినట్టు ఆకలేసింది.

ఆ హాయి చూసి అతనికి వెన్నులోంచి భయం పుట్టింది. హులిగమ్మ మన్నులో ఉంది. నాకు ఇంత సుఖంగా నిద్ర ఎట్ల పట్టింది? ఏ నిద్ర ఆమెను మింగిందో ఆ నిద్రతోనే ఇంత కమ్మగా ఎట్ల కలిసిపోయినాను? మింగిందో లేదో కూడా తెలియదే. తెలియనప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి కదా.

చెప్పులు కూడా వేసుకోకుండా సందు చివరి దుకాణానికి పోయి, ఒకదాని వెంట ఒకటిగా, నాలుక కాలేదాకా టీ తాగాడు. ఇంటికి వచ్చేసరికి రూప గుమ్మంలో నిలబడి ఉంది. చూపుతోనే కనిపెట్టింది.

"నీకు నయం కావడం ఇష్టం ల్యాదు," అంది. గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచకపోతేనే అతనికి భయం. "మాత్రలు మింగుతావు. డాక్టరమ్మ కాడికి వస్తావు. నేను సెప్పినట్లు వింటావు. యాడో ఒక కాడ కంత పెట్టుకుంటావు. ఎవరికి భయపడతాండావయ్యా? నాకా? సిద్దప్పన్నకా?"

అతడు చెప్పుల్లేని కాళ్లు చూసుకున్నాడు.

"ఆ ఇంటికి పోయి టీ వద్దని సెప్పు. ఆ ఇంట్లో వద్దనగలిగితే యాడైనా వద్దనగలవు. అప్పుడు నమ్ముతా నేను నిన్ను."

ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. అతనికి మాత్రం తెలుసు.

నెలకొకసారి డ్యూటీ దిగి ఎమ్మిగనూరు బస్సులో పోతూ, మధ్యలో దిగి, సిద్దప్ప ఇంటికి పోవడం అతని అలవాటు. అరటిపండ్లో, బ్రెడ్డో తీసుకుపోయేవాడు. అరుగు మీద కూర్చునేవాడు. సిద్దప్ప తల్లి అంజినమ్మ టీ ఇచ్చేది. ఆ బండిలో ఆమె కూడా ఉంది. కాలు విరిగి, అతుక్కుని, కాస్త వంకరగా నిలిచింది. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఎవరికీ చెప్పకుండా లేచి వచ్చేవాడు. చావు జరిగిన ఇంటి నుంచి పోయొస్తానని చెప్పి రాకూడదు కదా. మళ్లీ అలాంటి పని మీద రావలసిన అవసరం పడకూడదని పెద్దలు పెట్టిన పద్ధతి. దినం అయిపోయాక ఆ పద్ధతి లేదు. ఉరుకుందు మాత్రం దాన్ని వదల్లేదు.

పత్తి మళ్లీ పగిలింది. ఒక పొద్దున అతడు మిల్లు నుంచి నేరుగా ఆ పల్లెకు పోయాడు. సిద్దప్ప అరుగు మీద కూర్చుని పత్తి గోతాలకు కుట్లు వేస్తున్నాడు.

"రాప్పా. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్లుండావే. కండ్లు సూడు, మిరపపండ్లే."

లోపలి నుంచి అంజినమ్మ కేకేసింది. "ఉరుకుందేనా? కూకోమను. టీ పెడతాండా."

"వద్దవ్వా," అన్నాడు. గొంతు తనకే వినబడలేదు. ఆమెకూ వినబడలేదు. ఉడుకుడుకు టీ గ్లాసు కొంగుతో పట్టుకుని వచ్చి, వంకర కాలు ఈడుస్తూ అతని ముందర నిలబడింది.

"తీస్కో నాయనా."

"వద్దవ్వా. టీ మానినా. డాక్టరమ్మ వద్దనింది. మాత్రలు ఇచ్చినాది."

సిద్దప్ప సూది ఆపాడు. "మానినావా? మొన్న ఆదోని బస్టాండులో నువ్వు నిలబడి తాగతాంటే మా నాగేషు సూసినాడంటనే. బస్టాండు టీ దిగతాది, మా ఇంటి టీ దిగదా?"

"అట్లగాదు అన్నా..."

"మరెట్ల? సెప్పు. ఇన్నేండ్ల నుంచి సూస్తాండా నిన్ను. వస్తావు. తల దించుకుని తాగుతావు. ఒక్క మాట ల్యాకుండా లేసి పోతావు, సావింటికి వచ్చినోని మాదిరి. ఇంగా ఇది సావిల్లేనాప్పా? పొద్దున లేసి మేము పొయ్యి అంటిస్తాండాం, రొట్టె తింటాండాం, చేనుకు పోతాండాం. బతికే ఇల్లు గదా ఇది. పోయొస్తా అన్నా అని నోరు తెరిసి ఒక్కనాడు అంటే నీ సొమ్మేం పోతాది?"

ఉరుకుందు అరటిపండ్ల సంచి చేతిలో నలిపాడు. ఇంతకాలం ఎవరూ అడగనిది ఇప్పుడు అడిగారు. దానికి అతనికి లోపల ఎక్కడో కృతజ్ఞత కలిగింది. నోరు తెరిచాడు.

"ఆ పొద్దు గూడా వద్దంటి అన్నా."

"ఏంది?"

"టీ. అక్క ఇచ్చింది. తగో తమ్మా అనింది. కడుపు బాగల్యాక వద్దంటి. తాగింటే కన్ను మూతపడకపోయుండేదేమో. మూతపడిందో లేదో గూడా తెల్దు నాకు. ఆ వద్దన్న మాట ఒక్కటే తెలుసు. అప్పటి నుంచి ఎవరిచ్చినా వద్దనలే. వద్దంటే మళ్ల ఎవరన్నా పోతారేమో అని..."

అరుగు మీద ఎండ కొంచెం జరిగింది. టీ మీద మీగడ కట్టింది. సిద్దప్ప గోతం మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

"ఈ మాట అప్పుడే సెప్పుండల్ల నువ్వు," అన్నాడు. తిట్టులా లేదు. క్షమించినట్టూ లేదు. లేచి, గోతాలు భుజాన వేసుకుని, దొడ్లోకి పోయాడు. ఉరుకుందు అతని వెనక చూస్తూ ఉండిపోయాడు. కొట్టని మనిషి ఈసారి కూడా కొట్టకుండానే పోయాడు.

అంజినమ్మ గోడ పట్టుకుని మెల్లగా అరుగు మీద కూర్చుంది. "నాకు తెల్సులే," అంది.

"ఏందవ్వా?"

"నువ్వు వద్దనింది. ఆ కిటికీ కాడ కూకుండింది నేనే గదా. నువ్వు వద్దంటే, నాకన్నా ఇయ్యే అని సెయ్యి పెడితి. ఇయ్యలే. ‘ఈ పొద్దు ఇది నాది అత్తా’ అనె. తానే తాగె." ముసలామె కండ్లు సన్నం చేసి వీధిలోకి చూసింది. "దానికెప్పుడూ అడుగున మడ్డే గదా. అందరికీ పోసి, ఆకరికి ఇంత సల్లారింది తాగేది. ఆ పొద్దు నిండు గ్లాసు. ఉడుకుడుకుది. నవ్వుతా తాగె."

చేతిలో ఉన్న టీ ఒకసారి చూసుకుని, మీగడ వేలితో పక్కకు తీసి, ఆమె అది తానే తాగడం మొదలుపెట్టింది.

ఉరుకుందుకు ఏడుపు రాలేదు. ఆమె నవ్విందన్నది తన జ్ఞాపకంలోనూ ఉంది. దేనికి నవ్విందో ఇప్పుడు తెలిసింది. అది మోయడానికి తేలికా, బరువా అన్నది తేలలేదు. ఆ గ్లాసు ఆమె పూర్తిగా తాగిందా, సగంలో ఉండగానే బండి రోడ్డు దిగిందా అని అడగాలనిపించింది. అడగలేకపోయాడు.

"ఒక రవ్వ నడుం వాల్చుకో పో," అంది అంజినమ్మ గ్లాసు పక్కన పెట్టి. "మొగం పీక్కపోయింది. ఈ పొద్దు దగ్గరి చేనే, మాకు పోను ఇంగా పొద్దుంది. గోతాలకు బండి రావల్ల."

"వద్దవ్వా, బస్సు..."

"ఇదీ వద్దేనా?"

ఆ మాటకు ఎదురు చెప్పలేక లోపల చాప మీద పక్కకు ఒరిగాడు. కాసేపు కూర్చుని లేచి పోదామనుకున్నాడు. ఈసారి పోయొస్తానని చెప్పి పోవాలని మనసులో ఆ మాట సర్దుకుంటూ ఉన్నాడు.

కండ్లు తెరిచేసరికి గవాక్షిలోంచి ఎండ నేరుగా చెంప మీద పడుతూ ఉంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఒంటి మీద ఎవరో బొంత కప్పారు. పాత చీరల ముక్కలతో కుట్టిన బొంత. అంచున ఒక పచ్చ ముక్క ఉంది, పసుపు పూలది. ఆ చీర అతనికి తెలుసు. ఒక కాలంలో రోజూ తెల్లవారుజామున అది అతని ఎడమ పక్కన కూర్చునేది.

గబుక్కున లేచాడు. "అవ్వా," అన్నాడు. వాకిట్లో మట్టి మీద ట్రాలీ బండి టైర్ల గుర్తులు తాజాగా ఉన్నాయి. బండి ఇంటి ముందర దాకా వచ్చింది. హారన్ కొట్టి ఉంటుంది. ఆడవాళ్లు ఒకరినొకరు పిలుచుకుని ఉంటారు. చెంచా కింద పడితే ఉలికిపడేవాడు ఇదేదీ వినలేదు. హులిగమ్మ ఇంట్లో, హులిగమ్మ చీర కప్పుకుని, హారన్‌కు కూడా లేవకుండా నిద్రపోయాడు.

పొయ్యి పక్కన గ్లాసు మీద మూత పెట్టి ఉంది. తీసి చూస్తే మజ్జిగ. నిలబడే తాగాడు. గ్లాసు కడిగి బోర్లించాడు. బొంత నాలుగు మడతలు పెట్టి, పచ్చ ముక్క లోపలికి పోయేట్టు మళ్లీ మడిచి, చాప మీద పెట్టాడు. తలుపు దగ్గరికి వేసి గొళ్లెం పెట్టాడు.

రోడ్డు దాకా నడిచాడు. బస్సు ఆగే చోటికి ఎదురుగానే చేను. తుమ్మచెట్టు కింద ట్రాలీ బండి నిలిపి ఉంది. తెల్లగా పగిలిన పత్తిలో ఆడవాళ్ల నడుములు వంగి, లేచి, వంగుతూ ఉన్నాయి. వంకర కాలితో సాలు దాటుతున్నది అంజినమ్మ. గోతం అదిమి మూతి కడుతున్నది సిద్దప్ప. పిలిస్తే వినబడే దూరమే. పోయొస్తా అన్నా. మాట నోట్లో తయారుగా ఉంది. చెయ్యెత్తబోయి చెంప తడుముకున్నాడు. చాప గీతలు వేళ్లకు తగిలాయి. ఇంకా పోలేదు. ఈ మొహం పెట్టుకుని ఆ ఇంటివాళ్లను ఎట్లా పిలవాలి? నిద్ర తీరినట్టు కనబడుతూ ఉంటుంది.

సిద్దప్ప తల ఎత్తినట్టనిపించింది. రోడ్డు వైపే చూశాడో, మబ్బు వైపే చూశాడో.

ఎమ్మిగనూరు బస్సు వచ్చింది. ఉరుకుందు ఎత్తబోయిన చెయ్యి బస్సుకే ఎత్తి, చేను వైపు తిరగకుండా ఎక్కేశాడు.